కూమ్ ఇచ్చిన కారు

సావా నది కరకట్టకు గండిపడి నీళ్లు ఊళ్లోకి వచ్చిన ఏడాది నుంచి లెక్కపెడితే అది ఆరో ఏడు. మా దగ్గర ఏళ్లను అలాగే చెప్పుకుంటాం. ఫలానావాడి పెళ్లి నీళ్లకు ముందు, ఫలానామె చావు నీళ్ల తర్వాత. ఆ ఆరో ఏడు ప్లం పళ్లు కొమ్మలు విరిగేలా కాశాయి. ఆకు రాలే ఆ కాలంలోనే వితోమిర్ కారు అమ్మకానికి పెట్టాడు.

వితోమిర్ ఇటుకల బట్టీలో పనిచేసి మానుకున్న మనిషి. ఎడమ మోకాలు బిగుసుకుపోయింది. క్లచ్ తొక్కాలంటే పళ్లు నూరేవాడు. భార్య స్తమెంకా పక్క సీట్లో కూర్చుని ఊరుకునేది కాదు.

"నువ్వు గేరు మార్చినప్పుడల్లా నీ మొహం చూస్తే నాకు పురిటి నొప్పులు గుర్తొస్తున్నాయయ్యా. అమ్మేద్దూ."

కారు బూడిద రంగుది, జర్మనీది, పాతది. నీళ్లు వచ్చిన మరుసటేడు దాన్ని తన కూమ్ ఒబ్రాద్ దగ్గర కొన్నాడు. కూమ్ అంటే పెళ్లిలో పక్కన నిలబడి సాక్ష్యం చెప్పేవాడు, బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు చేతుల్లో ఎత్తుకునేవాడు. సొంత అన్నదమ్ముడితో పొలం గట్టు కోసం తగాదా పడొచ్చు, కూమ్‌తో పడకూడదు. వితోమిర్ పెళ్లికి ఒబ్రాద్ తండ్రి సాక్షి. వితోమిర్ కొడుకుని ఎత్తుకున్నది ఒబ్రాద్. అలాంటివాడి కారు చుట్టూ తిరిగి, చక్రాన్ని తన్ని, బానెట్ ఎత్తి చూడటమంటే వాడి మొహాన ఉమ్మినట్టే. వితోమిర్ చూడలేదు. తాళం తీసుకుని, ఒబ్రాద్‌ని కౌగిలించుకుని, తోలుకొచ్చేశాడు.

కొనడానికి జ్లాతియా వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. అడవి అవతల పల్లెల్లో మంచం పట్టిన ముసలివాళ్లకు సూదులు వేసి, కట్లు మార్చి వస్తుంది. బస్సు తీసేసినప్పటి నుంచి సైకిలు మీదే తిరుగుతోంది. మొగుడు ఓడ మీద పనికని వెళ్లాడు. చచ్చాడో, ఇంకో ఇల్లు కట్టాడో, ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. నెవెంకా అని చిన్న కూతురుంది, ఇంకా బడికి వెయ్యలేదు.

కారెక్కి వీధి చివరిదాకా నడిపి చూసి దిగింది. నచ్చిందని మొహంలో తెలుస్తోంది.

"బావుంది బాబాయ్. రేపు మా మెకానిక్‌ని తీసుకొస్తాను. ఒకసారి కింద చూస్తాడు."

వితోమిర్ బానెట్ మీద చెయ్యి వేశాడు. అతనికి మాట ఆలస్యంగా వస్తుంది.

"ఇది ఒబ్రాద్ కారు."

"తెలుసు బాబాయ్, కానీ..."

"ఒబ్రాద్ నా కూమ్."

"అదీ తెలుసు బాబాయ్."

"తెలిస్తే ఇంకా కింద ఏం చూస్తావమ్మా? నా కూమ్‌ని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట కోసి చూస్తావా?"

కంచె ఇవతల ఉన్న మేము నలుగురం పకపకా నవ్వాం. నేనూ నవ్వాను. జ్లాతియా మొహం ఎర్రబడింది.

"తప్పు మాటన్నాను బాబాయ్. ఏమనుకోకు."

అక్కడికక్కడే బయానా ఇచ్చింది. స్తమెంకా చిన్న గ్లాసుల్లో రకియా, ఇంట్లో కాచిన ప్లం పళ్ల సారా, పోసింది. మంచి జరగాలని అందరూ తాగారు. నెవెంకా చేతిలో చక్కెర బిళ్ల పెట్టారు. ఎల్లుండి కాగితాలు మార్చుకుని కారు తోలుకుపోవాలని మాట అయింది.

మర్నాడు స్తమెంకా కారు కడగమని మొగుడి వెంట పడింది. వెనక సీట్లో ఒకసారి బాతుపిల్లల బుట్ట తెచ్చారు. ఆ మరకలు బెల్టు మీద అలాగే ఉన్నాయి.

"పసిపిల్ల కూర్చునే చోటు. బాతు పెంటతో ఇస్తావా? ఆ బెల్టు బయటికి లాగి సబ్బు పెట్టి రుద్దు."

వితోమిర్ బకెట్టు పట్టుకుని వెనక సీటు దగ్గర కూర్చున్నాడు. బెల్టు లాగాడు. మరక ఉన్నంత మేరా రుద్దాడు. రుద్దిన నీళ్లు లోపలికి కారుతున్నాయని ఇంకాస్త లాగాడు. బెల్టు ఇంకా వచ్చింది. చివరిదాకా లాగాడు. అంత దూరం దాన్ని ఎవరూ ఎప్పుడూ లాగి ఉండరు, అంత లావు మనిషి ఆ కారెక్కలేదు.

చివరి మూర గోధుమరంగులో ఉంది. అడ్డంగా ఒక గీత. గీతకు ఇవతల నలుపు, అవతల మట్టి రంగు. గోటితో గీకితే సన్నటి పొడి రాలింది.

నీళ్లు వదిలిపోయిన ఆ గీతని మా ఊళ్లో చూడనివాడు లేడు. ప్రతి ఇంటి గోడ మీదా ఉండేది. సున్నం వేసినా కొన్నాళ్లకు మళ్లీ పైకి తేలేది.

బకెట్టు పక్కన పెట్టి డిక్కీ తెరిచాడు. చాప ఎత్తాడు. స్టెప్నీ తీశాడు. కింది గుంటలో మూలలకు ఒండ్రు గట్టిపడి ఉంది. అందులో ఒక నత్తగుల్ల. గుల్లని తీసి అరచేతిలో పెట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏ వాసనా లేదు.

అప్పుడు అన్నీ ఒక్కొక్కటిగా కలిశాయి. వాన పడితే హారన్ దానంతట అదే మోగేది. ఒకసారి పెరూనికా ముసలమ్మ శవాన్ని తీసుకెళ్తుంటే వెనక నుంచి బండి ఆగకుండా కూసింది. ఆవిడ బతికున్నన్నాళ్లూ అందర్నీ తిట్టేది కాబట్టి ఇదీ ఆవిడ పనే అనుకున్నాం. క్రిస్మస్ రోజున లైట్లు పోయాయి. ఎలుకలు తీగలు కొరికాయని వితోమిర్ బోను పెట్టాడు. ఒక్క ఎలుకా పడలేదు.

స్తమెంకా బయటికి వచ్చింది. మొగుడు బెల్టు చూపించాడు, గుల్ల చూపించాడు. ఆమె చేతులు తుడుచుకోవడం మరిచిపోయింది.

"ఇది మన నీళ్లేనా?"

"మనవే."

"మరి ఫాదర్ తులసి కొమ్మతో పవిత్రజలం చల్లాడు కదయ్యా దీని మీద, కొన్నప్పుడు! నిండా మునిగిన బండి మీద పాపం ఇంకో నాలుగు చుక్కలు." నవ్వబోయి ఆగిపోయింది. "ఒబ్రాదా? నీళ్లప్పుడు నన్ను అటక మీంచి వీపున మోసి దింపిన ఒబ్రాదా మనకి మునిగిన బండి అమ్మాడు?"

వితోమిర్ గుల్లని అరచేతిలో తిప్పాడు.

"కడిగెయ్," అంది స్తమెంకా గొంతు తగ్గించి. "బ్రష్షు తెస్తాను. అంత దూరం బెల్టు ఎవరు లాగుతారు, పీపా అంత బిషపు వస్తే తప్ప? ఇన్నేళ్లూ మనల్ని తిప్పింది కదా. ఆ నర్సునీ తిప్పుతుంది."

"మెకానిక్‌ని తెస్తానంది."

"తేలేదు కదా."

"నేను తేనివ్వలేదు."

గుల్ల జేబులో వేసుకుని, కుంటుకుంటూ ఒబ్రాద్ ఇంటివైపు వెళ్లాడు.

ఒబ్రాద్ పెరట్లో రకియా కాస్తున్నాడు. రాగి బాన కింద మంట, గొట్టం చివర చుక్కచుక్కగా దిగుతున్న సారా. అవతల పందిరి కింద ఒబ్రాద్ భార్య జివానా ఎర్ర మిరపకాయలు కాల్చి తొక్క తీస్తోంది.

"దా కూమ్, సరిగ్గా టైముకొచ్చావ్. మొదటి దింపు. నాలిక చుర్రుమంటుంది గానీ రుచి చూడు," అని గ్లాసు అందించాడు ఒబ్రాద్.

వితోమిర్ గ్లాసు అందుకోలేదు. జేబులోంచి గుల్ల తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏంటిది? ఈ వయసులో నత్తల వేటకి దిగావా?"

"డిక్కీలో దొరికింది. స్టెప్నీ కింద."

ఒబ్రాద్ వంగి మంట ఎగదోశాడు. మంట బాగానే ఉంది. అయినా ఎగదోస్తూనే ఉన్నాడు.

"నీకు తెలుసా?" అన్నాడు వితోమిర్.

"నా బండి సంగతి నాకు తెలీదా?"

"మరి నాకెందుకు అమ్మావ్?"

"నేనమ్మానా?" ఒబ్రాద్ లేచి నిలబడ్డాడు. "నేనమ్మలేదు, నువ్వు లాక్కున్నావ్. ఇది నీకు పనికొచ్చే బండి కాదు కూమ్, వేరేది చూసుకో అని చెప్పలేదా నేను? చెప్పగా చెప్పగా నువ్వేమన్నావ్? గుడి మెట్ల మీద, ఊరంతా వింటుంటే, 'మా కూమ్ పరాయివాడికైతే ఇస్తాడట, నాకైతే ఇవ్వడట, నా చేతులకేమన్నా పేడ అంటుకుందా' అన్నావ్. అన్నావా లేదా?"

"అన్నాను."

"ఆ మాటన్నాక నేనేం చెయ్యాలి?"

"మునిగిందని ఒక్క మాట అంటే సరిపోయేది."

పందిరి కింద నుంచి జివానా అంది.

"ఎలా అంటాడన్నా? ఎలా మునిగిందని నువ్వడగవూ?"

"నువ్వు నోర్ముయ్యవే," అన్నాడు ఒబ్రాద్.

"మూసే ఉంచాను ఇన్నాళ్లూ. మిరపకాయల ఘాటుకి తెరుచుకుంది, ఏం చెయ్యను?" ఆమె చేతులు ఎర్రగా ఉన్నాయి. వాటితోనే కళ్లు తుడుచుకోబోయి ఆగింది. "ఆ రోజు సైరన్ మోగగానే బళ్లున్నవాళ్లంతా కట్ట ఎక్కించుకున్నారు. ఈయనా స్టార్ట్ చేశాడు. నేను పక్కన కూర్చున్నాను, ఒళ్లో కుట్టుమిషను. అప్పుడు గుర్తొచ్చింది ఈయనకి. స్తమెంకా కాలికి పిండికట్టు, నువ్వేమో గండి దగ్గర ఇసక బస్తాలేస్తున్నావ్, ఇంట్లో అదొక్కతే. ఇంజను ఆపి దిగిపోయాడు. ఒక్క మాటన్నా అనకుండా పడవ విప్పుకుని పోయాడు. నాకు తోలడం వచ్చా? కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని కట్టదాకా నడిచాను. బండి ఇక్కడే, ఇదుగో ఈ పెరట్లోనే ఉండిపోయింది."

వితోమిర్ ఆ పెరటివైపు చూశాడు. కోళ్లు తిరుగుతున్నాయి.

ఒబ్రాద్ పడవలో వచ్చి స్తమెంకాని తీసుకెళ్లాడని అతనికి తెలుసు. దానికి కృతజ్ఞతగా ప్రతి ఏడూ ఒక మేకపిల్లని తోలుకొచ్చి ఇచ్చేవాడు. కానీ నీళ్లు దిగేదాకా మొగుడూ పెళ్లాం ఇద్దరూ కొండ మీద స్తమెంకా చెల్లెలి ఇంట్లో ఉన్నారు. తిరిగొచ్చేసరికి ఒబ్రాద్ కారు మెరుస్తూ ఉంది. అందరిలాగే కట్ట ఎక్కించుకున్నాడనుకున్నాడు. ఎలా ఎక్కించావ్, ఎప్పుడెక్కించావ్ అని అడగలేదు. అడిగి ఉంటే తెలిసేది.

"అయిందా?" అన్నాడు ఒబ్రాద్ పెళ్లాంతో. "ఇక పడవ కిరాయి కూడా అడుగు ఆయన్ని." తర్వాత వితోమిర్ వైపు తిరిగాడు. "నీ పెళ్లాన్ని దింపడానికెళ్తే నా బండి పోయింది కూమ్, అని నేను నీతో చెప్పాలా? ఆ మాట నా నోట్లోంచి వచ్చాక మనిద్దరం ఇంకేం కూమ్‌లం? సరుకు తెచ్చి పడేసి కూలి అడిగినట్టుండదూ?"

బాన గొట్టం నుంచి సారా చుక్కలు సీసా నిండి పొర్లాయి. ఎవరూ సీసా మార్చలేదు.

"నర్సు జ్లాతియా దగ్గర బయానా తీసుకున్నాను," అన్నాడు వితోమిర్.

"నడుస్తోందిగా బండి."

"ఎయిర్‌బ్యాగ్?"

ఒబ్రాద్ సీసా మార్చాడు. వీపు ఇటువైపు పెట్టి అన్నాడు.

"అది తెరుచుకోదు. ఎర్రదీపం ఎంతకీ ఆరలేదు. మా మేనల్లుడు ఆ దీపమే పీకేశాడు."

"స్తమెంకా ఇన్నేళ్లూ ఆ పక్కనే కూర్చుంది."

"నాకు తెలీదా? నువ్వు బండి తీసినప్పుడల్లా గేటు దగ్గరికొచ్చి, వీధి మలుపు తిరిగేదాకా శిలువ గుర్తు వేసుకునేవాణ్ణి. నువ్వేమో సాగనంపుతున్నాననుకుని చెయ్యూపేవాడివి."

అతను శిలువ వేసుకోవడం మేమూ చూశాం. ముసలితనంలో భక్తి పెరిగిందనుకున్నాం.

వితోమిర్ గుల్ల తీసుకుని కదిలాడు. గేటు దాకా వచ్చాక ఒబ్రాద్ వెనక నుంచి పిలిచాడు.

"కూమ్. ఆ పిల్లకి చెప్పాలంటే చెప్పు. నేనడ్డం రాను. నా పేరు మాత్రం తియ్యకు. కూమ్‌కి మునిగిన బండి అంటగట్టినవాడంటే ఈ ఊళ్లో జ్ఞానస్నానానికి నాకు ఇంకెవడు బిడ్డనిస్తాడు చేతికి?"

"నీ పేరు ముందే తీశాను," అన్నాడు వితోమిర్. "నీ పేరు చెప్పే అమ్మాను."

ఇంటికొచ్చేసరికి సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. వాకిట్లో జ్లాతియా సైకిలు ఉంది. గుమ్మడికాయ పెట్టి చుట్టిన రొట్టె పళ్లెంలో తెచ్చింది. స్తమెంకా ఆమెని కూర్చోబెట్టింది గానీ ఆమె మొహంలోకి చూడటం లేదు.

"కాగితాలు రేపేగా బాబాయ్? పల్లెల్లో అందరికీ చెప్పేశాను. కాళ్లు లేని రిస్తో తాత ఏమన్నాడో తెలుసా? 'కారొస్తే నన్నూ ఒకసారి నది చూపించుకు రావే, మంచం మీంచి ఈగల్ని చూసి చూసి వాటికి పేర్లు పెట్టాను' అన్నాడు." నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అంది. "నిన్న నువ్వు తిట్టడం మంచిదైంది బాబాయ్. ఇంటికెళ్లాక నా మీద నాకే సిగ్గేసింది. ఒంటరిగా ఉండీ ఉండీ ఎవర్నీ నమ్మడం చేతకాకుండా పోయింది నాకు. కూమ్ ఇచ్చిన బండిని కూడా అనుమానించానంటే చూడు."

వితోమిర్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. చెప్పాలి. నోరు తెరిచాడు. అప్పుడు కారులోంచి నెవెంకా కేక వేసింది.

"తాతా! ఈ బెల్టు ఎంత పొడుగుందో చూడు!"

పిల్ల వెనక సీట్లో మోకాళ్ల మీద నిలబడి రెండు చేతులా బెల్టు లాగుతోంది. ఇంకాస్త లాగితే గీత బయటపడుతుంది. వితోమిర్ మోకాలి సంగతి మరిచిపోయి రెండంగల్లో వెళ్లాడు. బెల్టు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వదులు తల్లీ. చెయ్యి గీరుకుంటుంది."

పిల్ల వదిలేసింది. బెల్టు సర్రున లోపలికి పోయింది.

"చూశావా అమ్మా, తాత నా చెయ్యి గీరుకుంటుందని పరిగెత్తాడు," అంది పిల్ల.

"తాత మంచివాడు," అంది జ్లాతియా.

వాళ్లు వెళ్లాక వితోమిర్ కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తన అరచెయ్యి చూసుకున్నాడు. దాని మీద ఏమీ లేదు. ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

భోజనానికి కూర్చున్నాక స్తమెంకా ఒబ్రాద్ సంగతంతా ముక్కముక్కలుగా చెప్పించుకుంది, ఆ గుమ్మడికాయ రొట్టె కోసింది, ఇద్దరికీ పెట్టింది. ఇద్దరూ ముట్టుకోలేదు.

"కడిగెయ్యమన్నది నేనే," అందామె. "అది నా నోరు, నా తప్పు. కానీ నువ్వు చెయ్యడ్డం పెట్టావు చూడు, అది చూశాక నాకు ఒళ్లు చల్లబడిపోయింది. ఒబ్రాద్ దాచాడంటే దానికో కారణముంది. మనకేముంది?"

"ఏం లేదు."

"మరి ఒబ్రాద్ పేరు తియ్యకుండా చెప్పలేమా?"

వితోమిర్ చాలాసేపు బల్ల మీది రొట్టెముక్కల పొడి వేలితో ఒకచోటికి తోశాడు.

"వాడి పేరు తియ్యకుండా చెప్తే, నేనే ముంచాననుకుంటారు. అది నాకు ఫరవాలేదు. కానీ ఎవరూ నమ్మరు. నీళ్లప్పుడు ఈ బండి ఎవరిదో ఊరంతటికీ తెలుసు. సగం చెప్తే మిగతా సగం వాళ్లే అల్లుకుంటారు. వాళ్లు అల్లేదాంట్లో పడవ ఉండదు."

పెళ్లయిన నాటి నుంచి మొగుడు ఒక్కసారిగా అన్ని మాటలు అనడం స్తమెంకా విన్నది అదేనట. తర్వాత మాకు ఆమే చెప్పింది.

తెల్లవారింది. వితోమిర్ గడ్డం గీసుకుని, గుడికి వేసుకునే కోటు వేసుకున్నాడు. కారు తీసి, పళ్లు నూరుకుంటూ, జ్లాతియా ఇంటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో సంచీ సర్దుతోంది.

"ఇంత పొద్దున్నే వచ్చావేం బాబాయ్? ఆఫీసు ఇంకా తెరవరుగా."

అతను వెనక తలుపు తీశాడు. బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. గీత ఆమె కళ్ల ముందు పెట్టి పట్టుకున్నాడు.

ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. ఆమె ఇంటి గోడ మీదా ఉంది ఆ గీత.

"నీకెప్పుడు తెలుసు?"

"నిన్న మధ్యాహ్నం."

"నిన్న సాయంత్రం మేమొచ్చాం కదా."

"ఊఁ."

"నెవెంకా ఈ బెల్టే లాగింది కదా."

"ఊఁ. చెయ్యి అడ్డం పెట్టాను. ఎయిర్‌బ్యాగ్ కూడా పనిచెయ్యదు."

జ్లాతియా సంచీ కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బావుండేదని అతనికి అనిపించింది. పడవ సంగతీ ఒబ్రాద్ సంగతీ అంతా చెప్పాడు.

"మెకానిక్‌ని తెస్తానంటే మీ కంచె దగ్గర అందరూ నవ్వారు బాబాయ్," అంది చివరికి.

"నవ్వారు."

"ఇప్పుడు నేను కొనకపోతే ఏమంటారు? ముందు కూమ్ బండిని అనుమానించింది, తర్వాత బయానా ఇచ్చి మాట తప్పింది, మొగుడు పోయింది ఊరికేనా అంటారు. నేను రోజూ పదిమంది ఇళ్లల్లోకి వెళ్లాలి. సూది పొడిపించుకోవాలన్నా మనిషి మీద గురి ఉండాలి కదా."

"నేను చెప్తాను."

"ఎవరికి? స్తమెంకా పిన్నికా?"

"అందరికీ. రొట్టెల దుకాణం దగ్గర, ఇప్పుడే."

"ఒబ్రాద్ బాబాయ్ పేరుతో సహా?"

"సహా."

ఆమె చెయ్యి చాపింది. బయానా ఆ చేతిలో పెట్టాడు. ఆమె చూసుకోకుండా జేబులో వేసుకుంది.

"నేను రాను వినడానికి. రిస్తో తాతకి కట్టు మార్చాలి. నది సంగతి ఏం చెప్పాలో నాకే తెలీదు," అని సైకిలు ఎక్కింది. వీడ్కోలు చెప్పలేదు.

రొట్టెల దుకాణం ముందు ఆ వేళకు సగం ఊరు ఉంటుంది. నేనూ వరసలో ఉన్నాను. వితోమిర్ కారు అక్కడే ఆపి దిగాడు. వరసలో నిలబడకుండా, మెట్టు మీదికి ఎక్కి మా వైపు తిరిగాడు. టోపీ తీశాడు. ఎవరో చచ్చారేమో అనుకున్నాం.

అప్పుడు అతనికి కనిపించాడు, వరసలో ముందున ఒబ్రాద్. చంకలో అప్పుడే కొన్న రొట్టె. వితోమిర్ ఆగాడు. వెనక్కి దిగుతాడేమో అనిపించింది నాకు. దిగలేదు.

"ఈ బండి మునిగిన బండి," అన్నాడు. "జ్లాతియా మెకానిక్‌ని తెస్తానంది. నేను నోరు మూయించాను. తప్పు నాది."

మాట ఆలస్యంగా వచ్చే మనిషి కదా, ఒక్కో మాటకీ మధ్య చాలా ఖాళీ. ఆ ఖాళీల్లో ఎవరూ కదల్లేదు. బండి ఎందుకు మునిగిందో చెప్పాడు. ఇంజను ఆపి ఎవరు దిగిపోయారో, ఎవరి పెళ్లాం కోసమో చెప్పాడు. వద్దు వద్దంటున్న మనిషిని గుడి మెట్ల మీద ఎలా సిగ్గుపడేలా చేశాడో చెప్పాడు. స్టెప్నీ కింద దొరికిన నత్తగుల్ల సంగతి, ఎయిర్‌బ్యాగ్ దీపం సంగతి కూడా దాచలేదు. నిన్న సాయంత్రం పసిపిల్ల చేతిలోంచి బెల్టు వదిలించాననీ చెప్పాడు. అది మాత్రం రెండుసార్లు చెప్పాడు.

"నత్త బతికుందా?" అన్నాడు వెనక నుంచి ఎవడో కుర్రాడు. కంచె దగ్గర నవ్విన మేము నలుగురం అక్కడే ఉన్నాం. ఈసారి మాకు నవ్వు రాలేదు. నేను చేతిసంచీ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఒబ్రాద్ రొట్టె ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, మెట్టు దగ్గరికి వచ్చాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"తియ్యొద్దన్నానా నా పేరు?"

"అన్నావ్."

ఒబ్రాద్ అతని మొహంలోకి చూడలేదు. పక్కనుంచి తప్పుకుని, వీధి దాటి, కట్టవైపు వెళ్లిపోయాడు. వాళ్లింటికి దారి అటు కాదు. వితోమిర్ అతను కనిపించినంత సేపూ చూశాడు. తర్వాత మెట్టు దిగాడు. మేం తప్పుకుని ముందుకి దారి ఇచ్చాం. అతను రాలేదు. టోపీ చేతిలోనే పట్టుకుని, కుంటుకుంటూ వెనక్కి వెళ్లి, రొట్టె కోసం వరస చివర నిలబడ్డాడు.